కుందా? కుందె? తాతగారి తుపాకి మాటలో ఒక్క అక్షరం

ఎంవీపీ కాలనీ నుంచి (అడిగింది నేనే): అటక సర్దుతుంటే తాతగారి తోలుపెట్టె బయటపడింది. 1972 వన్యప్రాణి చట్టంతో వేట ఆగిపోయాక రైఫిల్‌ని ఆయనే అప్పగించేశారు. పెట్టెలో మిగిలినవి మూడు ముక్కలుగా విప్పే గజం (తుపాకి గొట్టం తుడిచే కడ్డీ), ఇత్తడి బ్రష్షు, నూనె సీసా, భుజం పట్టీ. ఆ నూనె వాసనకి ఆయన మాట ఒకటి గుర్తొచ్చి రెండు రోజులుగా తొలిచేస్తోంది. "కుందె కుదిరితే గురి కుదిరినట్టే..." తర్వాత ఇంకో సగం ఉంది, అదే రావట్లేదు. ఎవరైనా విన్నారా? తుపాకి వెనక భుజానికి ఆనే చెక్కని "కుందె" అనేవారనే జ్ఞాపకం. "కుందా" కూడా కావచ్చు.

సీతమ్మధార మాస్టారు: కుందాయే. పారసీలో ఆ మాటకి దుంగ, మొద్దు అని అర్థం. హిందుస్తానీలో తుపాకి చెక్క అయింది. తుపాకి మనకు తురకభాష నుంచి, బందూకు అరబ్బీ నుంచి వచ్చాయి. సరుకుతో పాటే మాటా వస్తుంది. దీర్ఘం తీసేసి దాన్ని అచ్చతెలుగు చెయ్యక్కర్లేదు.

భీమిలి బాబాయి: మాస్టారూ, దర్వాజా మన నోట దర్వాజ కాలేదా?

సీతమ్మధార మాస్టారు: అయింది. ఆ లెక్కన "కుంద" అవ్వాలి. ఎత్వం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పండి.

భీమిలి బాబాయి: కుందెన నుంచి! రోట్లో గింజ చెదరకుండా పెడతామే, అదే. తుపాకి తన్నినప్పుడు భుజం చెదరకుండా చెక్క కాస్తుంది. రెండూ దెబ్బ కాచుకునేవే.

కంచరపాలెం: కుందెన గుండ్రంగా ఉంటుంది బాబాయ్ గారూ. మీ భుజం కూడా అలాగే ఉంటే సరే. నాదో ఆధారం. "కుందె కుదిరినపుడె గురి కుదిరినయట్లు". గణాలు చూడండి: హ, న, న, తర్వాత నలము, సలము. కు-గు యతి. నికార్సైన ఆటవెలది పాదం! "కుందా" అంటే రెండు గురువులు, మొదటి గణమే కూలిపోతుంది. కాబట్టి హ్రస్వమే.

సీతమ్మధార మాస్టారు: "కుదిరితే"ని "కుదిరినపుడె" చేసింది మీరు. పాదం మీరే అల్లి, అది ఛందస్సులో ఉందని మీరే సాక్ష్యం చెప్తే ఎలాగండీ?

అక్కయ్యపాలెం: అక్షరం సంగతి అలా ఉంచండి, మాట మాత్రం నిక్కం. మంచి రైఫిల్‌ని కళ్ళు మూసుకుని భుజానికెత్తి, తర్వాత కళ్ళు తెరిస్తే మొనమీది గురిపూస సరిగ్గా కంటికెదురుగా ఉండాలి. వెతుక్కోవాల్సి వస్తే ఆ చెక్క మీది కాదు. మీట నుంచి చెక్క చివరికి ఎంత పొడవు, చెంప ఆనేచోట ఎంత దిగుడు అన్నవి మనిషిని కొలిచి చెక్కేవారు. అక్రోటు చెక్కకి అవిసె నూనె పల్చగా పూసి, అరచేత్తో రుద్ది, ఆరాక మళ్ళీ పూసేవారు. పిడి దగ్గర చెక్కే ఆ వజ్రాల గళ్ళు సోకు కోసం కాదు, చెమట చెయ్యి జారకుండా. చంపావత్ పులిని 1907లో చంపినందుకు వేటగాడు జిమ్ కార్బెట్‌కి బహుమతిగా ఇచ్చిన రిగ్బీ కంపెనీ .275 రైఫిల్ చూడండి. లోపలిది మౌజర్ యంత్రం, వాడే తూటా 7×57 మౌజరే. ఆ పొందిక అలా ఉంటుంది. అడిగిన మీకు ఒక మాట: పెట్టెలో గజానికి కాస్త నూనె పట్టించండి. మన సముద్రపు గాలి ఇనుముని వదలదు.

భీమిలి బాబాయి: గజం అనగానే గుర్తొచ్చింది. పాత తుపాకుల్లో దెబ్బ కొట్టే ముక్కని గుర్రం అనేవాళ్ళు, హిందీ ఘోడా లాగే. బొబ్బిలి వీణకీ గుర్రం ఉంటుంది, తీగలు దానిమీదే ఎక్కుతాయి. ఒకటి మోగుతుంది, ఒకటి పేలుతుంది.

సీతమ్మధార మాస్టారు: గుర్రాన్ని వదిలెయ్యండి గానీ అందరూ "గురి" అని రాసేస్తున్నారు. అది గుఱి, శకటరేఫ. గుఱి అంటే నాకు ధూర్జటి తిన్నడే గుర్తొస్తాడు. పుట్టుబోయడు, వేట తప్ప వేరే చదువు లేదు. ఒక కన్ను పెకలించి స్వామికి పెట్టాడు. రెండోది కూడా తీసేస్తే చోటు కనపడదని, ముందే ఆ చోట కాలు ఆనించి ఉంచాడు. గుఱి పెట్టడమంటే అదీ. కుందాలూ వద్దు, కుందెలూ వద్దు.

కంచరపాలెం: మాస్టారూ, ఆ ఘట్టం నాకూ ప్రాణమే. కానీ అక్కడ శకటరేఫ పట్టుకుని, ఇక్కడ ఎత్వం వదిలెయ్యమంటే ఒప్పుకోను.

అక్కయ్యపాలెం: ద్వారకానగర్ గ్రంథాలయంలో నిఘంటువు తిరగేస్తే పోదా?

భీమిలి బాబాయి: నిఘంటువు రాసినాయన తుపాకి పట్టాడా ఏటి?

ఎంవీపీ కాలనీ: రెండో సగం ఎవరికీ తెలీదన్నమాట. ఇందాకే మా అమ్మకి ఫోన్ చేశాను. "మీ తాతకి కుందొక్కటే కుదిరింది, గురి ఏనాడూ కుదర్లేదు. ఒక్క కౌజుపిట్ట ఇంటికి తెచ్చిన పాపాన పోలేదు" అంది.

కంచరపాలెం: "కుందొక్కటే" అన్నారా! సంధిలో అచ్చు మింగేశారు. మళ్ళీ ఫోన్ చేసి, విడదీసి చెప్పమనండి.