మీగడలా మెత్తగా, తియ్యగా ఉండే పర్ఫ్యూమ్ ఎలాంటివాళ్లకు నప్పుతుంది?

నీలిమబ్బు:
అందరికీ నమస్కారం. నాకు ఒక పర్ఫ్యూమ్ బహుమతిగా వచ్చింది. ఆడా మగా ఇద్దరూ వాడే రకం. వెనీలా, గంధం, టోంకా గింజ, వైట్ మస్క్ (కస్తూరి లాంటి తేలికపాటి వాసన) ఉన్నాయని డబ్బా మీద రాసి ఉంది. కొట్టిన వెంటనే పంచదార పాకంలా గుప్పుమంటుంది. అరగంట పోయాక ఆ పాకం తగ్గి, గోరువెచ్చని పాల మీద మీగడ కట్టినట్టు ఒక మెత్తటి వాసన మిగులుతుంది. ఆ రెండో భాగం నాకు ప్రాణం. కానీ నేను తక్కువ మాట్లాడే మనిషిని. మొదటిరోజు ఆఫీసులో ఒకరు "ఇది లేడీస్ సెంటు కదా" అన్నారు, అప్పటి నుంచి సీసా ముట్టుకోలేదు. ఇలాంటి వాసన ఎలాంటి స్వభావానికి నప్పుతుందో వాడినవాళ్లు చెప్పగలరా?

చందనపుచెక్క:
నీలిమబ్బు గారూ, మీరు ఒక్క సీసాలో రెండు వేరు వేరు వాసనలు పట్టుకున్నారు. మన భాషలో తీపి వేరు, కమ్మదనం వేరు కదా. పర్ఫ్యూమ్‌లో కూడా అంతే. మొదట గుప్పుమనే పాకం వాసన చాలావాటిలో ఇథైల్ మాల్టాల్ అనే పదార్థం వల్ల వస్తుంది. విడిగా చూస్తే అచ్చం పీచుమిఠాయి వాసనే. 1992లో థియరీ మ్యూగ్లర్ కంపెనీ తెచ్చిన ఏంజెల్ అనే పర్ఫ్యూమ్‌తో అది బాగా పేరుకెక్కింది. కమ్మదనం మాత్రం గంధం నుంచి, లాక్టోన్లు అనే పదార్థాల నుంచి వస్తుంది. పాలలో, వెన్నలో, కొబ్బరిలో, పండిన పీచ్ పండులో సహజంగా ఉండేవి ఆ లాక్టోన్లే.

నేను పదేళ్లుగా ఇలాంటివి వాడుతున్నాను. నాకు అనిపించేది ఒకటే. తీపి ఎక్కువైన పర్ఫ్యూమ్ మనకంటే ముందు గదిలోకి వెళ్లి మాట్లాడేస్తుంది. కమ్మదనం ఎక్కువైనది పక్కన కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. మెల్లగా మాట్లాడేవాళ్లు, తొందరలేనివాళ్లు, అవతలి మనిషి చెప్పేది చివరిదాకా వినేవాళ్లు, ఇలాంటివాళ్ల మీద అది ఎంత బావుంటుందో. వాళ్లు ఆడా మగా అన్న లెక్క అక్కడ రాదు. మీరు రాసిన పద్ధతి చూస్తే అది మీకోసమే వచ్చిందనిపిస్తోంది.

గలగల:
నేను కొంచెం అడ్డం వస్తాను. నేను వసపిట్టని, నలుగురిలో ఉంటే నోరు ఆగదు. నాకూ ఇదే రకం ఇష్టం. మొదట్లో ఐదారు స్ప్రేలు కొట్టుకునేదాన్ని. ఒకసారి కిటికీలు మూసిన మీటింగ్ రూమ్‌లో పక్కావిడ నెమ్మదిగా కుర్చీ జరుపుకుంది, నాకు చాలా బాధేసింది. ఇప్పుడు రెండే స్ప్రేలు. మళ్లీ ఎవరూ జరగలేదు. కాబట్టి స్వభావం కంటే మోతాదు ముఖ్యం అంటాను.

పాతసీసా:
"లేడీస్ సెంటు" అన్న మాట గురించి. వెనీలాకి ఆ ముద్ర తర్వాత పడింది. వెనీలాకి దాని వాసన ఇచ్చే పదార్థమైన వెనిలిన్‌ను 1874లో టీమన్, హార్మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ల్యాబ్‌లో తయారుచేశారు. గెర్లాన్ అనే ఫ్రెంచ్ పర్ఫ్యూమ్ కంపెనీ వాళ్లు 1889లో దాన్ని, టోంకా గింజలో ఉండే కూమరిన్‌నీ లావెండర్ కింద పెట్టి జికీ అనే పర్ఫ్యూమ్ తెచ్చారు. ఆడా మగా ఇద్దరూ వాడారు, ఇప్పటికీ అమ్ముతున్నారు. 1994లో సీకే వన్ అనే ఆడా మగా ఇద్దరి పర్ఫ్యూమ్ వచ్చాక యూనిసెక్స్ అంటే నిమ్మజాతి వాసన, స్నానం చేసి వచ్చినంత తేలిక అని చాలామందికి స్థిరపడిపోయింది. మీగడ వాసన కూడా అందరిదే అండీ. మీ ఆఫీసాయన మాట పక్కన పెట్టేయండి.

ఇస్త్రీమడత:
చందనపుచెక్క గారి మాటతో ఏకీభవిస్తాను, నా అనుభవం తలకిందులుగా ఉన్నా సరే. నేను చకచకా పని తేల్చే రకం, మాట కూడా సూటిగా ఉంటుంది. రెండు నెలలు ఇలాంటిదే వాడాను. వాసన చక్కగానే ఉండేది, కానీ ఎవరిదో చొక్కా తొడుక్కున్నట్టు ఉండేది. తర్వాత అదే వెనీలాకి దేవదారు, కొంచెం మిరియం కలిసినది దొరికింది. మొదటిరోజే నాదనిపించింది. కాబట్టి నప్పకపోతే వెనీలాని వదిలేయక్కర్లేదు, పక్కన ఏముందో చూసుకోండి.

చందనపుచెక్క:
గలగల గారూ, మోతాదు మాట నిజమే. ఇంకో చిక్కు కూడా ఉంది. మన వాసన మన ముక్కుకి కాసేపట్లో అలవాటైపోతుంది. కొందరికైతే కొన్ని రకాల మస్క్‌లు అసలు తెలియనే తెలియవు. ఆరిపోయిందనుకుని మళ్లీ కొట్టుకుంటాం, ఎదుటివాళ్లకి మాత్రం మోతాదు రెట్టింపవుతుంది. కొట్టుకునే ముందు ఇంట్లోవాళ్లని ఒకసారి అడగడం మేలు.

నీలిమబ్బు గారూ, తెల్లచొక్కా మీద మాత్రం కొట్టకండి. వెనిలిన్ ఎక్కువున్న పర్ఫ్యూమ్ రోజులు గడిచేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతుంది. నా తెల్ల కాలరు మీద టీ మరకలాంటిది పడింది, ఎన్ని ఉతుకులకీ పోలేదు.

నీలిమబ్బు:
వారం తర్వాత వస్తున్నాను. రోజూ స్నానం అవగానే వాసనలేని మాయిశ్చరైజర్ రాసుకుని, ఛాతీ మీద ఒక్క స్ప్రే కొట్టుకుని, పైన చొక్కా వేసుకున్నాను. నాలుగు రోజులు ఎవరూ ఏమీ అనలేదు. ఐదోరోజు కొత్తగా చేరిన అబ్బాయి ఏదో అర్థంకాక నా దగ్గరికొచ్చాడు. ఇద్దరం ఒకే స్క్రీన్ మీదకి వంగి చూస్తున్నాం. పని అయ్యాక లేస్తూ "సార్, మీ దగ్గర ఏదో చాలా హాయైన వాసన వస్తోంది, ఏంటది" అని అడిగాడు. పేరు రాసిచ్చాను.

ఎండ బాగా ఉన్న ఒకరోజు మాత్రం మీగడ దాకా రాలేదు, మధ్యాహ్నం వరకూ పాకమే. అలాంటి రోజుల్లో మానేద్దామనుకుంటున్నాను. మరి అన్నాళ్లు సీసా పాడవకుండా ఉంటుందా?

పాతసీసా:
ఉంటుందండీ. వెలుతురూ వేడీ తగలకుండా దాని డబ్బాలోనే పెట్టి అలమరలో ఉంచండి. స్నానాలగదిలో మాత్రం వద్దు. రంగు కాస్త ముదిరినా కంగారుపడకండి, వాసన బాగుంటే వాడుకోవచ్చు.