ఓలి ఇచ్చిన ఇళ్లలోకి కట్నం ఎలా వచ్చింది? ఆడవారి శ్రమకు విలువ తగ్గినందువల్లనేనా?

చంపావతి ఒడ్డు:

మా మామ్మను తాతగారి వైపువారు ఓలి, అంటే మగపెళ్లివారు పెళ్లికూతురి పుట్టింటికి ఇచ్చే డబ్బు, చెల్లించి ఇంటికి తెచ్చుకున్నారు. ఆమె మనుమరాలికి, అంటే మా చెల్లెలికి పెళ్లి చేసేనాటికి మేము ఎకరం పల్లపు భూమి అమ్మి, కట్నం, లాంఛనాలు, ఆడపడుచు కట్నం వేరువేరుగా లెక్కపెట్టి ఇచ్చాము. రెండు తరాలలో డబ్బు నడిచే దారి పూర్తిగా ఎదురు తిరిగింది. మాది విజయనగరం జిల్లాలో సొంత సేద్యం చేసుకునే కుటుంబం. ఈ మార్పు మా ఒక్క ఇంటిది కాదని, చుట్టుపక్కల సేద్యపు కులాలలో చాలావాటిలో ఇలాగే జరిగిందని పెద్దలు చెబుతారు కనుక, కారణాన్ని మగపెళ్లివారి అత్యాశలో కాక సమాజపు కట్టుబాటులో వెతకాలని నా అభిప్రాయం.

డెన్మార్క్‌కు చెందిన ఆర్థికవేత్త ఎస్తర్ బోసరప్ 1970లో ప్రకటించిన పరిశోధనలో దీనికి ఒక వివరణ ఉంది. సేద్యంలో ఆడవారి చేతిపని ఎక్కువగా ఉన్న సమాజాలలో పనిచేసే మనిషిని తీసుకువెళ్తున్నందుకు వరుడి వైపువారు డబ్బిస్తారని, నాగలి వచ్చి పొలం పని మగవాడి చేతికి మారిన చోట స్త్రీని పోషించవలసిన మనిషిగా చూడడం మొదలై కట్నం పుడుతుందని ఆమె వాదించారు. మా మామ్మ ఉభాలకు, అంటే వరినాట్లకు దిగేది, కలుపు తీసేది, కోత కోసేది, ఇంటికి వచ్చి వడ్లు దంచేది. మిల్లు వచ్చాక దంపుడు పోయింది; ఇల్లు కాస్త నిలదొక్కుకున్నాక కోడళ్లను పొలానికి పంపడం తక్కువతనమైంది. మా చెల్లెలు డిగ్రీ చదివి ఇంటిపట్టున ఉంది. ఆమె శ్రమ లెక్కలోంచి జారిపోయింది కనుకనే ఓలి పోయి కట్నం వచ్చిందని నేను నమ్ముతున్నాను. కాదనేవారు ఆధారాలతో చెప్పవలసిందిగా కోరుతున్నాను. కలికాలం అనే సమాధానం మాత్రం వద్దు.

కోట జంక్షన్:

మీ వివరణలో మొదటి సగాన్ని ఒప్పుకుంటాను కాని, రెండో సగం మన జిల్లాల్లో కళ్లెదుట కనిపించేదానికి సరిపోదు. ఈనాటికీ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో నాట్లు వేసేది ఆడవారే. సెంటు భూమి లేక, భార్యాభర్తలిద్దరూ కూలికి వెళ్లే ఇళ్లలో కూడా కూతురికి కట్నం ఇస్తున్నారు. ఆ ఇంటి ఆడపిల్ల పని మానేసిందని ఎవరూ అనలేరు. పని ఉండగానే ఓలి పోయిందంటే కారణం పొలంలో లేదు.

సామాజికశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1984లో అచ్చయిన ప్రసంగంలో, ఆధునిక కట్నాన్ని పూర్వపు స్త్రీధనంతో కలిపి చూడరాదని స్పష్టంగా చెప్పారు. పూర్వం కూతురి ఒంటిమీద పెట్టి పంపిన నగకూ, ఇంగ్లీషు చదువుతో, నెల జీతంతో పుట్టిన పెళ్లికొడుకు ధరకూ పోలిక లేదు. ముందుగా పై కులాల్లో ఉద్యోగస్థుడైన అల్లుడి కోసం పోటీ వచ్చింది. తరువాత చేతిలో నాలుగు డబ్బులు ఆడిన ప్రతి కులమూ పరువు కోసం ఆ పద్ధతినే పట్టుకుంది. పై కులాల ఆచారాలను కింది కులాలు స్వీకరించడాన్ని ఆయన 1952 నాటికే సంస్కృతీకరణ అన్నారు. ఓలి తీసుకోవడం ఆడపిల్లను అమ్ముకోవడమేనన్న నింద ఎదురయ్యాక, దానిని వదులుకోవడమే గౌరవానికి గుర్తయింది. ఇక మన ప్రాంతంలో పరిశ్రమలు తక్కువ కనుక టీచరు ఉద్యోగానికీ, రైల్వేకూ, మిలటరీకీ ఉన్న విలువ మీకు తెలియనిది కాదు. పెళ్లిచూపుల్లో ఇప్పుడు ముందుగా వచ్చే ప్రశ్న భూమి ఎంత అన్నది కాదు, ఉద్యోగం పర్మినెంటా, కాంట్రాక్టా అన్నది.

సీతంపేట దారి:

బోసరప్‌ను అంత తొందరగా తోసిపుచ్చవద్దని మనవి. కొండ మీద పోడు, అంటే అడవిని నరికి కాల్చి చేసే సేద్యం, చేసే సవర గిరిజనుల గూడేల్లో నేను కొన్నేళ్లు పనిచేశాను. అక్కడ పెళ్లికి ఇచ్చుకోవలసింది మగపిల్లవాడి వైపే. పోడులో విత్తడం, కలుపు తీయడం మొదలుకొని పండినదాన్ని సంతకు మోసుకువచ్చి బేరమాడేవరకూ ఆడవారి పాలు పెద్దది. నాగలి లేని చోట ఓలి నిలిచి ఉందన్న సూత్రం అక్కడ అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది. అయితే కోట జంక్షన్ గారి మాటకూ అక్కడే సాక్ష్యం ఉంది. గూడెంలో ఒక కుర్రవాడికి ప్రభుత్వ ఉద్యోగం వచ్చిన సంవత్సరమే కట్నం అన్న మాటను ఆ ఇంట్లో నేను మొదటిసారి విన్నాను.

జీడితోట:

నేను కాశీబుగ్గ దగ్గర ఉంటాను. పదేళ్లుగా జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తున్నాను. ఇంతవరకు మాట్లాడిన ముగ్గురూ డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్లిందనే చూశారు కాని, ఎవరి చేతిలో ఆగిందో చూడలేదు.

ముందుగా శ్రమ సిద్ధాంతాన్ని తీసుకుందాము. దానికి పెద్ద అడ్డంకి విజయనగరంలోనే ఉంది. గురజాడ అప్పారావు గారు 1897లో తమ కన్యాశుల్కం నాటకానికి రాసిన ఇంగ్లీషు పీఠికలో, అప్పటి విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ల కాలంలో జరిగిన శుల్క వివాహాల, అంటే ఓలి లాగే పెళ్లికూతురికి వెల చెల్లించి చేసుకున్న పెళ్లిళ్ల, జాబితా గురించి చెప్పారు. అందులో నమోదైన పెళ్లిళ్లు 1,034. వధువులలో అయిదేళ్లవారు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు 6, ఏడాది పిల్లలు 3. ఆ ఏడాది పిల్లలకు పలికిన వెల 350 నుంచి 400 రూపాయలు. ఈ పిల్లలలో ఎవరు ఉభాలకు దిగారు? ఆ ఇళ్లలో పెరిగి పెద్దవారైనా పొలంలోకి దిగే ఆచారం లేదు. కాబట్టి పెళ్లికూతురి వైపు డబ్బు వచ్చినంత మాత్రాన అది ఆమె శ్రమకు కట్టిన విలువ అనలేము. పెళ్లికి ఆడపిల్లలు తక్కువై, భార్య పోయిన ముసలివారు మళ్లీ పెళ్లికి సిద్ధపడుతూ, విధవలకు మాత్రం రెండో పెళ్లి నిషేధమైన చోట తండ్రి చేతికి చిక్కిన బేరం అది. శ్రీనివాస్ గారి వివరణకూ ఇక్కడొక చిక్కు ఉంది: అనుకరించవలసిన పై కులంలోనే అప్పటికి శుల్కం ఇంత బలంగా ఉంటే, కింది కులాలు కట్నాన్ని వారి నుంచి ఎప్పుడు నేర్చుకున్నాయో కాలం లెక్క చెప్పి తీరాలి.

ఇప్పుడు మా ఫ్యాక్టరీ సంగతి. పీలింగులోనూ, గ్రేడింగులోనూ కూర్చునేది దాదాపు అందరూ ఆడవారే. పొట్టు తీసిన పప్పు తూకాన్ని బట్టి కూలి. పప్పు విరిగితే లెక్క తగ్గుతుంది. వారంవారం డబ్బు వారి చేతికే నేను లెక్కపెట్టి ఇస్తాను. చంపావతి ఒడ్డు గారి సూత్రం నిజమైతే వీరి కూతుళ్లకు ఓలి రావాలి. కాని నా దగ్గర అడ్వాన్సు అడిగేటప్పుడు వారు చెప్పే కారణాలలో కూతురి కట్నమే ముందుంటుంది. పదేళ్లుగా చూస్తున్నాను, ఈ వరుస మారలేదు. పైగా ఇంటిపని లెక్కలోంచి జారిపోయిందన్నారు. అది ఎన్నడైనా లెక్కలోకి ఎక్కిందా? ఇంటిపనిని కూడా పనిగానే పరిశీలించాలని బ్రిటిష్ సామాజికవేత్త యాన్ ఓక్లీ 1974లో ఒక అధ్యయనమే చేశారు. మన దేశంలో 2019లో జరిగిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవారు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది. మీ చెల్లెలు ఇంటిపట్టున ఉందని మీరు రాసిన వాక్యంలో ఆ 299 నిమిషాలు కనబడలేదు. తప్పుపట్టడానికి కాదు, అది ఎంత సులువుగా మాయమవుతుందో చూపడానికే అంటున్నాను.

మానవశాస్త్రవేత్త జాక్ గూడీ 1973లో ఈ రెండింటికీ తేడా మరోలా చెప్పారు. ఆయన మాటల్లో ఓలి వధువు చేతికి రాదు. ఆమె పుట్టింటివారికి చేరి, చాలాసార్లు ఆమె అన్నదమ్ముల పెళ్లికి ఖర్చవుతుంది. కట్నం మాత్రం తండ్రి బతికి ఉండగానే కూతురికి పంచే ఆస్తి. ఇదే నిజమైతే ఓలి నుంచి కట్నానికి రావడం ఆడదానికి మేలు కావాలి. మన ఇళ్లలో అలా జరగలేదు, ఎందుకంటే కట్నం ఆమె మీదుగా వెళ్లి మామగారి దగ్గర ఆగుతుంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం తీసుకోవడమూ, ఇవ్వడమూ రెండూ నేరమని చెప్పడం అందరికీ తెలుసు. అదే చట్టంలోని ఆరో సెక్షన్, ఎవరు తీసుకున్నా ఆ సొమ్మును మూడు నెలల్లో ఆమెకు అప్పగించాలని చెబుతుంది. ఈ సంగతి తెలిసిన పెళ్లిపెద్దను నేను ఇంతవరకు చూడలేదు.

అసలు ప్రశ్న భూమి దగ్గర ఉంది. మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. హక్కు వచ్చాక కట్నం తగ్గలేదు సరికదా, అది కొత్త పనికి ఉపయోగపడింది: కట్నం ఇచ్చేశాం కదా అని చెప్పి, పంపకాల నాడు ఆడపడుచు చేత హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టిస్తున్నారు. చంపావతి ఒడ్డు గారూ, మీరు ఎకరం అమ్మి డబ్బిచ్చామన్నారు. ఆ ఎకరాన్నే పసుపు కుంకుమ కింద మీ చెల్లెలి పేర రాసి ఉండవచ్చు కదా, ఎందుకు రాయలేదు?

వంశధార:

ఇంత దూరం వెళ్లకుండానే జనాభా లెక్క ఒకటి ఉంది. అర్థశాస్త్రవేత్త విజయేంద్ర రావు 1993లో చెప్పిన ప్రకారం, జనాభా పెరిగే కాలంలో ప్రతి ఏటా పుట్టేవారి సంఖ్య ముందటి ఏటికన్నా ఎక్కువ. వరుడు వధువుకన్నా కొన్నేళ్లు పెద్దవాడు కావాలి కనుక పెళ్లికి ఆడపిల్లలు ఎక్కువగానూ, మగపిల్లలు తక్కువగానూ తేలుతారు. పైగా 2011 లెక్కల్లో వెయ్యి మంది మగవారికి శ్రీకాకుళం జిల్లాలో 1,015 మంది, విజయనగరంలో 1,019 మంది ఆడవారు ఉన్నారు. వరుల కొరతే కట్నానికి కారణమని నా అభిప్రాయం.

కోట జంక్షన్:

రావు గారి వాదన వేరు, మీ అంకెలు వేరు. ఆ 1,015, 1,019లో పెద్ద భాగం వలసది. చెన్నైలో మేస్త్రీ పనికీ, గుజరాత్ తీరానికి చేపల వేటకూ వెళ్లి, జనాభా లెక్కల రోజుల్లో ఊళ్లో లేని మగవాడు అక్కడి లెక్కలోకి వెళ్తాడు. పెళ్లికి మాత్రం ఇక్కడికే వస్తాడు. పెళ్లి చేసుకోగల మగవారు ఆ అంకెలు సూచించినంత తక్కువగా లేరు. అదీకాక, వరులు తక్కువైతే ధర ఎందుకు పెరిగిందో చెప్పగలరు కాని, ఆ ధర అమ్మాయి పేర కాక మామగారి పేర ఎందుకు జమ అయిందో చెప్పలేరు. ఈ విషయంలో జీడితోట గారి ప్రశ్నకు నా దగ్గర కూడా జవాబు లేదు. శుల్కం ఎప్పుడు కట్నమైందన్న కాలం లెక్క కూడా నేను చూపవలసిందే. చదువుకున్న కుటుంబాలు పట్టణాలకు చేరిన దశలోనే అది తిరగబడిందని అనుకుంటున్నాను కాని, ప్రస్తుతానికి అది నా ఊహ మాత్రమే.

చంపావతి ఒడ్డు:

మూడు రోజులు ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి. ఎకరం సంగతి మొదట చెబుతాను. అది చెల్లెలి పేర రాయాలన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ రాలేదు. వచ్చి ఉంటే, ఊళ్లో భూమి పరాయి ఇంటికి పోతుందని నాన్నగారు ఒప్పుకునేవారు కాదు. అమ్మితే ఆ భూమి నిజంగానే పరాయివాడికి పోయింది, అది మాత్రం ఎవరినీ బాధపెట్టలేదు. చెల్లెలి చేత సంతకం కూడా పెట్టించాము. ఆ కాగితం రాసింది నేనే.

శ్రమ విలువ పూర్తిగా అసంగతమని ఇప్పటికీ అనుకోను. సీతంపేట దారి గారు చెప్పిన పోడు సాక్ష్యం నా వైపే ఉంది. కాని గురజాడ వారి 1,034 పెళ్లిళ్లకు నా సూత్రంలో చోటు లేదని ఒప్పుకుంటున్నాను. మా మామ్మ ఓలి ఎవరి చేతికి వెళ్లిందో తెలుసుకోవాలనిపించి, నిన్న మా మేనత్తను అడిగాను. ఆమె ఆలోచించకుండానే చెప్పింది: ఆ డబ్బుతో అదే నెలలో మామ్మ అన్నగారికి పెళ్లి చేశారట, మిగిలినదానితో ఎద్దును కొన్నారట. మామ్మకు ఏమిచ్చారని అడిగితే, ఒక చీర అంది.