పాత ప్రాఫెట్-600: బోర్డు మార్చినా నోటు లేటే

తంత్రి_07:
నా ప్రాఫెట్-600 సింథసైజర్‌లో అసలు జెడ్80 ప్రాసెసర్ తీసేసి దాని చోట టీన్సీ అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టించాను. ఎన్వలప్‌లు (నోటు ఎలా లేచి ఎలా తగ్గాలో నడిపేవి) చురుకయ్యాయి, అందులో అనుమానం లేదు. కానీ కంప్యూటర్ నుంచి మిడి (ఏ నోటు వాయించాలో చెప్పే డిజిటల్ సందేశాలు) పంపితే ఆరు నోట్ల కార్డ్ ఒక్కసారిగా పడదు, చెదిరినట్టు పడుతుంది. చేత్తో కీ నొక్కినా శబ్దం కాస్త వెనకే వస్తోంది. లోపం మిడిలోనా, నొక్కిన కీని పసిగట్టే స్కానింగ్‌లోనా, ఎన్వలప్‌లోనా? ఎవరికైనా తగ్గిందా?

నల్లమెట్లు:
ముందు కీల కాంటాక్టులు తుడవండి. "ప్రాసెసర్ పోయింది" అన్న మాట నమ్మి నా ప్రాఫెట్-5ని రెండేళ్లు మూలన పడేశాను. తీరా విప్పితే కీల కింద సన్న తీగలు నల్లబడి ఉన్నాయి. మెత్తగా నొక్కితే పలకదు, గట్టిగా నొక్కితే ఆలస్యంగా పలుకుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు గుడ్డ చాలు. గరుకు కాగితం మాత్రం ముట్టించకండి, పైపూత లేచిపోతుంది. నాకు రిపేర్ చేసినాయన అదే చేశాడు. నాలుగు కీలు ఇప్పటికీ మూగే. తలుచుకుంటే కడుపు మండుతుంది.

జోరు_జోరు:
అంత అక్కర్లేదు. ఆప్టో (మిడి సిగ్నల్‌ని వెలుతురుతో లోపలికి దాటించే చిప్పు) మార్చండి. నా పాలీసిక్స్ సింథ్‌కి బిగించిన మిడి కిట్‌లో ఉన్నది పీకి 6ఎన్138 వేశాను. స్పీడు డబుల్.

వోల్టు_బాబాయ్:
డబుల్ కాదు. ఇరవై ఏళ్లుగా ఈ బోర్డులే నా తిండి, అందుకే చెబుతున్నా. మిడి వేగం 31,250 బాడ్, అంటే సెకనుకి అన్ని బిట్లు. బైటుకి 320 మైక్రోసెకన్లు, నోటు మొదలుపెట్టమనే 'నోట్ ఆన్' సందేశానికి 3 బైట్లు, అంటే దాదాపు 1 మిల్లీసెకను. ఆప్టోతో తేడా వచ్చేది మైక్రోసెకన్లలో. అది చెవికి అందదు.

జోరు_జోరు:
సింథ్ నాది, చెవులు నావి. ముందు కార్డ్ కుంటేది, ఇప్పుడు కుంటడం లేదు. లెక్కలు మీ దగ్గరే ఉంచుకోండి.

జూనోప్రియ:
జూనో-60 సింథ్‌కి డీసీబీ (మిడికి ముందు రోలాండ్ వాడిన కనెక్షన్) నుంచి మిడికి మార్చే పెట్టె వాడేవాళ్లు ఉన్నారా? ఆలస్యం ఎంత వస్తుంది?

వోల్టు_బాబాయ్:
జోరూ, కోప్పడకు. పాత ఆప్టో ఏది?

జోరు_జోరు:
4ఎన్35.

వోల్టు_బాబాయ్:
ఆ మాట మొదటే చెప్పాల్సింది! అది నెమ్మది రకం. మిడిలో ఒక బిట్ 32 మైక్రోసెకన్లే ఉంటుంది. సిగ్నల్ లేవడం, పడడం 2 మైక్రోసెకన్లలోపు జరగాలి. అంచులు సాగితే బైట్లు తప్పుగా చదవబడి నోట్లు ఎగిరిపోతాయి. నువ్వు విన్న కుంటుడు అదే. నీ రిపేర్ సరైనదే, చెప్పిన కారణం తప్పు. 6ఎన్138 వేసినా దాని అవుట్‌పుట్‌ని పైకి లాగే పుల్‌అప్ రెసిస్టర్ సరిగ్గా లేకపోతే మళ్లీ అదే గోల.

జోరు_జోరు:
నా రిపేర్ సరైనదని ఒప్పుకున్నారు కదా, చాలు.

మెట్రోనోమ్:
తంత్రి గారూ, కార్డ్ చెదరడానికి కేబులే సగం కారణం. ఆరు నోట్లకి 18 బైట్లు, అంటే 5.76 మిల్లీసెకన్లు. రన్నింగ్ స్టేటస్ (ఒకే ఆదేశపు బైటుని ప్రతి నోటుకీ మళ్లీ పంపకపోవడం) ఉంటే 13 బైట్లు, 4.16 మిల్లీసెకన్లు. అదే తీగలో ఆఫ్టర్‌టచ్ (నొక్కి ఉంచిన కీ మీద ఒత్తిడి సమాచారం) కూడా పంపుతుంటే ఆపేయండి, అది బైట్లని ధారగా పోస్తుంది. ఇంతకీ మీరు వినేది సింథ్ నుంచి నేరుగానా, కంప్యూటర్ గుండానా?

నల్లమెట్లు:
కాంటాక్టులు తుడిచారా లేదా, అది చెప్పండి ముందు.

తంత్రి_07:
తుడిచాను అన్నా, రెండు కీలు తేలికయ్యాయి. కానీ అసలు సంగతి వేరు. కీబోర్డు పక్కన మైకు పెట్టి ఒక ట్రాక్‌లో కీ టక్కుమనే శబ్దం, ఇంకో ట్రాక్‌లో సింథ్ లైన్ రికార్డు చేశాను. తెరమీద పెద్దది చేసి చూస్తే టక్కు తగిలిన కొద్ది మిల్లీసెకన్లకే లైన్‌లో అల లేస్తోంది. నేను మాత్రం ఇన్నాళ్లూ కంప్యూటర్ గుండా, 512 శాంపిళ్ల బఫర్‌తో (కంప్యూటర్ శబ్దాన్ని పోగేసి పంపే ముక్క) వింటున్నాను. సెకనుకి 44,100 శాంపిళ్ల రేటులో అది ఒక వైపుకే 11.6 మిల్లీసెకన్లు, రానూపోనూ కలిపితే 23. మిక్సర్‌లోంచి నేరుగా విన్నాను, వేలి కింద కీ ఆనగానే నోటు పలికింది. మెట్రోనోమ్ గారూ, మీ ప్రశ్నతోనే దొరికింది. ఆఫ్టర్‌టచ్ కూడా ఆపేశాను, కార్డ్ ఇప్పుడు దగ్గరగా పడుతోంది. అటాక్ నాబ్ (నోటు ఎంత త్వరగా లేవాలో చెప్పేది) సున్నాలో ఉన్నా బేస్ నోటు మొదట్లో కాస్త మెత్తగా వస్తోంది, అది మాత్రం తేలలేదు.

వోల్టు_బాబాయ్:
బోర్డులోని ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే ప్రోగ్రాం) ఏ వెర్షనో రాయి తమ్ముడూ. నాబ్ చివరకి తిప్పినా సున్నా చదవకపోతే ఒకసారి క్యాలిబ్రేట్ చేసి చూడు.

జూనోప్రియ:
డీసీబీ సంగతి ఎవరైనా చెప్పండి, ప్లీజ్.