విషయం: మురానో స్ట్రీట్ పక్కన పార్టిక్ థిసిల్ గ్రౌండ్, మ్యాచ్‌కి ఎలా వెళ్లాలి?

అడిగింది: మురానో స్ట్రీట్ విద్యార్థి

అందరికీ నమస్తే. గ్లాస్గో యూనివర్సిటీలో మాస్టర్స్‌కి ఈ సెప్టెంబర్‌లో వచ్చాం. హాస్టల్ దగ్గర ఫుట్‌బాల్ గ్రౌండ్ ఉంది, పార్టిక్ థిసిల్ వాళ్లదట. ఐదుగురం వెళ్దామనుకుంటున్నాం. టికెట్ ముందే కొనాలా? సెల్టిక్, రేంజర్స్ మ్యాచ్‌ల గురించి చెప్పుకునే గొడవలు ఇక్కడా ఉంటాయా? మాలో ఇద్దరు బీఫ్ తినరు, ఒకరు పూర్తి వెజ్. నచ్చితే సీజన్ అంతా వెళ్లాలని ఉంది. దానికి ఖర్చెలా లెక్క వేసుకోవాలి? ఇలాంటి చిన్న క్లబ్‌కి మనలాంటివాళ్లు వెళ్తే నిజంగా ఒరిగేదేమైనా ఉందా?

జవాబు: మేరీహిల్ నుంచి

తమ్ముడూ, మీరు మురానోలో ఉన్నారు కాబట్టి నడిచే వెళ్లిపోవచ్చు. ఊళ్లో వేరే చోట ఉన్న మీ స్నేహితులకి మాత్రం దారి సరిగ్గా చెప్పండి. పేరు చూసి పార్టిక్ స్టేషన్‌లో దిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. క్లబ్ 1876లో పార్టిక్‌లోనే పుట్టింది గానీ, 1909 నుంచి ఆడుతున్నది మేరీహిల్ వైపున్న ఫిర్‌హిల్‌లో. ఈ రెండో మాట విని మేరీహిల్ రైల్వే స్టేషన్‌లో దిగడం ఇంకో తప్పు. అది గ్రౌండ్ దాటి చాలా ఎగువన ఉంది. సబ్‌వేలో సెయింట్ జార్జెస్ క్రాస్ దగ్గర దిగి, మేరీహిల్ రోడ్డు పట్టుకుని పైకి నడవాలి. పావుగంట, ఇరవై నిమిషాల్లో కుడివైపు ఫిర్‌హిల్ రోడ్డు వస్తుంది. సిటీ సెంటర్ నుంచి ఫస్ట్ బస్ 60, 61 కూడా మేరీహిల్ రోడ్డు మీదుగానే వెళ్తాయి. ఆదివారం మ్యాచ్ పడితే జాగ్రత్త, ఆ రోజు సబ్‌వే సాయంత్రం ఆరు దాటగానే ఆగిపోతుంది.

22 నిండనివాళ్లకి స్కాట్లాండ్ అంతటా బస్సు ఉచితం, కార్డుకి ముందే అప్లై చేసుకోవాలి. మాస్టర్స్ వాళ్లలో చాలామందికి ఆ వయసు దాటిపోయి ఉంటుంది. బీటెక్ అవగానే వచ్చినవాళ్లు మాత్రం ఒకసారి పుట్టినరోజు చూసుకోండి. సబ్‌వేకి ఆ కార్డు పనికిరాదు.

టికెట్ గురించి కంగారు అక్కర్లేదు. గ్రౌండ్‌లో పదివేల పైచిలుకు సీట్లు, మామూలు లీగ్ మ్యాచ్‌కి వచ్చేది మూడు నాలుగు వేలమంది. 1922లో రేంజర్స్ మీద మ్యాచ్‌కి ఇదే గ్రౌండ్‌లో 49,838 మంది నిలబడి చూశారు, అది ఈ క్లబ్ రికార్డు. అయినా క్లబ్ వెబ్‌సైట్‌లో ముందే కొనుక్కుంటే గేటు దగ్గర లైన్ తప్పుతుంది. ఐదూ ఒకే ఆర్డర్‌లో తీసుకుంటే ఒకేచోట కూర్చోవచ్చు. కొనేటప్పుడు రెండు సంగతులు చూడండి. స్టాండ్ పేరు జాకీ హజ్బండ్ అని ఉండాలి, హోమ్ అభిమానులు, అంటే థిసిల్ వాళ్లు, ప్రధానంగా కూర్చునేది అక్కడే. విద్యార్థి రాయితీ ఏమైనా ఉంటే తీసుకోండి, కానీ గేటు దగ్గర ఐడీ అడగొచ్చు, జేబులో పెట్టుకోండి.

శనివారం మ్యాచ్ 3 గంటలకి మొదలవుతుంది. ఉప్పల్‌లో ఐపీఎల్‌కి వెళ్లినట్టు మూడు గంటల ముందు లైన్‌లో నిలబడాల్సిన పని లేదు, 2:30కి చేరితే చాలు. ఐదింటికల్లా అయిపోతుంది. డిసెంబర్‌లో నాలుగింటికే పొద్దుగూకుతుంది కాబట్టి ఇంటికొచ్చేది చీకట్లోనే. కెనాల్ గట్టు మీద ఒంటరిగా రాకండి, జనంతో పాటు మేరీహిల్ రోడ్డు వైపు నడవండి.

జవాబు: పెయిస్లీ నుంచి

గొడవల సంగతి నేను చెప్తాను. గ్లాస్గోలో ‘నువ్వు ఏ టీమ్?’ అని ఎవరైనా అడిగితే అది ఒక్కోసారి మతం గురించిన ప్రశ్న కూడా. సెల్టిక్, రేంజర్స్ చుట్టూ కాథలిక్, ప్రొటెస్టెంట్ తేడాలు తరాలుగా అల్లుకుపోయాయి. థిసిల్ అని చెప్తే అవతలి మనిషి జాలిగా నవ్వి వదిలేస్తాడు. ఆ రెండింటికీ దూరంగా ఉండాలనుకునేవాళ్లు ఈ క్లబ్ పట్టుకోవడానికి అదీ ఒక కారణం. ఎరుపు, పసుపు స్కార్ఫ్ వేసుకుని ఊళ్లో నిశ్చింతగా తిరగొచ్చు. ఫిర్‌హిల్‌కి వచ్చేటప్పుడు మాత్రం ఆకుపచ్చ తెలుపు అడ్డచారల సెల్టిక్ చొక్కాలు, నీలం రేంజర్స్ జెర్సీలు, అవతలి టీమ్ రంగులు వద్దు. తెలియక వేసుకొచ్చినా స్టివార్డ్, అంటే జనాన్ని చూసుకునే గ్రౌండ్ సిబ్బంది, హోమ్ స్టాండ్‌లోకి రానివ్వకపోవచ్చు.

బూతులు వినపడతాయి, అవి ఎక్కువగా రిఫరీకి. కానీ రంగు, దేశం పట్టుకుని ఎవరైనా ఏమన్నా అంటే ఊరుకోకండి. మీరు గొడవకి దిగకుండా వరస, సీటు నంబర్ గుర్తుపెట్టుకుని దగ్గర్లో ఉన్న స్టివార్డ్‌కి వెంటనే చెప్పండి. మ్యాచ్ అయ్యాక చెప్తే ఆ మనిషిని పట్టుకోవడం కష్టం. పోలీసులకి తర్వాతైనా 101కి చెప్పొచ్చు, అప్పటికప్పుడు ప్రమాదం అనిపిస్తే 999.

మందు విషయంలో ఇక్కడి చట్టం ఇంగ్లండ్ కంటే గట్టిది. 1980 స్కాటిష్ కప్ ఫైనల్లో హ్యాంప్‌డెన్ స్టేడియంలో జరిగిన అల్లర్ల తర్వాత అదే ఏడాది చట్టం తెచ్చారు. గ్రౌండ్‌లోకి మందు తేవడం నేరం, తాగి తూలుతూ లోపలికి రావడం కూడా నేరమే. అభిమానుల్ని మ్యాచ్‌కి తీసుకెళ్లే బస్సుల్లోనూ తాగకూడదు. బాణసంచా, పొగ డబ్బాలు జేబులో దొరికినా కేసే. ముందు వరసలో కుర్రాళ్లు పట్టుకోమని ఇచ్చినా చెయ్యి చాచొద్దు. వీసా మీద ఉన్నవాళ్లకి పోలీసు కేసు ఎంత దూరం పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

చలి ముందు పట్టేది పాదాలకే, ఎందుకంటే రెండు గంటలసేపు పాదాలు కాంక్రీటు మీదే ఉంటాయి. రెండు జతల పల్చటి సాక్సులు వేసుకుని బూట్లు బిగుతైతే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. ఒకే జత మందపాటి ఊలు సాక్సులు, కాస్త వదులు బూట్లు మేలు. స్టాండ్‌కి కప్పు ఉంది గానీ గాలి తిరిగితే ముందు వరసలు తడుస్తాయి, వెనక వరసలు చూసుకోండి. గొడుగు వద్దు, వెనకాల కూర్చున్నవాళ్లు తిడతారు. టోపీ ఉన్న రెయిన్‌కోట్ చాలు.

జవాబు: డెనిస్టన్ నుంచి

తిండి గురించి ఎవరూ చెప్పలేదు. ఇది జాగ్రత్తగా చదవండి.

స్కాటిష్ గ్రౌండ్‌లో మామూలు తిండి అరచేయంత గుండ్రటి ‘పై’, అంటే పిండి పెంకులో మాంసం పెట్టి కాల్చినది. స్కాచ్ పై అంటే పాతకాలంలో మటన్, ఇప్పుడు చాలాచోట్ల బీఫ్ ఖీమా, లేదా రెండూ కలిపినది. ‘ఇది మటనే కదా’ అని అనుకుని కొనేయకండి, ‘ఇందులో బీఫ్ ఉందా’ అని సూటిగా అడగండి. స్టేక్ పై అయితే బీఫే, అడగాల్సిన పనే లేదు. పక్కవాళ్ల కప్పుల్లో పొగలు కక్కుతూ నల్లటి డికాక్షన్‌లా కనపడేది బోవ్రిల్. అది వేడినీళ్లలో కలిపిన బీఫ్ సారం. చూడ్డానికి పాలు లేని కాఫీలానే ఉంటుంది కాబట్టి చలికి వణుకుతూ ‘నాకూ అదే’ అనేవాళ్లు పొరపడేది ఇక్కడే. టీ కావాలంటే టీ అనే చెప్పండి.

వెజ్ వాళ్లకి మాకరోనీ పై అని ఒకటుంటుంది, చీజ్ సాస్‌లో మాకరోనీ. లోపలి పదార్థం వెజ్జే గానీ, పెంకు పిండిలో జంతువుల కొవ్వు కలిపే అలవాటు ఈ దేశంలో ఉంది. చిప్స్ కూడా కొన్నిచోట్ల బీఫ్ కొవ్వులో వేయిస్తారు. పట్టింపు ఉన్నవాళ్లు రెండూ అడిగి కొనండి. హాఫ్‌టైమ్ పావుగంటే, ఆ లైన్‌లో నిలబడి అడుగుతుంటే వెనకాల జనం పెరిగిపోతారు. అందుకే మ్యాచ్ మొదలవకముందే కౌంటర్ దగ్గరికెళ్లి కనుక్కోండి. అన్నిటికంటే తేలిక, ఇంట్లో తిని వెళ్లడం. చిన్న ప్యాకెట్‌లో చపాతీ రోల్ లాంటిది సాధారణంగా ఏమీ అనరు. గాజు సీసాలు, డబ్బాలు మాత్రం గేటు దగ్గరే తీసేసుకుంటారు.

జవాబు: బేర్స్‌డెన్ నుంచి

క్లబ్‌కి ఒరిగేదేమిటి అన్న ప్రశ్నకి జవాబిస్తాను, అసలు ముఖ్యమైనది అదే.

స్కాట్లాండ్‌లో టీవీ డబ్బు తక్కువ. ఫిర్‌హిల్ స్థాయి క్లబ్‌కి గేటు వసూళ్లు, సీజన్ టికెట్లే ప్రాణం. లీగ్ మ్యాచ్‌లో వచ్చిన గేటు డబ్బంతా 1981 నుంచి హోమ్ క్లబ్‌కే. స్కాటిష్ కప్‌లో అలా కాదు, ఖర్చులు పోను రెండు క్లబ్‌లూ పంచుకుంటాయి. కాబట్టి పెద్ద క్లబ్ వచ్చినప్పుడు ఒక్క కప్ మ్యాచ్ చూసి ఫొటోలు పెట్టేవాళ్ల కంటే, నవంబర్‌లో మంగళవారం రాత్రి 7:45 మ్యాచ్‌కి వచ్చిన ఐదుగురి టికెట్ల వల్లే క్లబ్‌కి ఎక్కువ మేలు. పైగా పెద్ద క్లబ్‌తో మ్యాచ్ టికెట్లు ముందు సీజన్ టికెట్ ఉన్నవాళ్లకే ఇస్తారు.

స్కాట్లాండ్ రెండో స్థాయి లీగ్ అయిన ఛాంపియన్‌షిప్‌లో పది జట్లు, ఒక్కొక్కరితో నాలుగుసార్లు ఆట. మొత్తం 36 మ్యాచ్‌లు, అందులో 18 హోమ్. సీజన్ టికెట్ సాధారణంగా ఈ 18కే. జూలైలో లీగ్ కప్ గ్రూపు మ్యాచ్‌లు, చలికాలంలో స్కాటిష్ కప్, మే నెలలో ప్లేఆఫ్‌లు వచ్చినా టికెట్ విడిగా కొనాల్సి రావొచ్చు, కొనేముందు షరతులు చదవండి. సీజన్ టికెట్ ధరని ఒక మ్యాచ్ ధరతో భాగించండి. వచ్చిన సంఖ్య కంటే ఎక్కువసార్లు వెళ్తేనే లాభం. ఇందులో విద్యార్థులు మర్చిపోయేది క్రిస్మస్ సెలవులు. సంక్రాంతి దాకా ఇండియాలో ఉండేవాళ్లకి ఆ నెలలో రెండు మూడు హోమ్ మ్యాచ్‌లు పోతాయి. పరీక్షలు కూడా తీసేసి లెక్క వేయండి. మీరు సెప్టెంబర్‌లో వచ్చారు, అప్పటికే కొన్ని ఆటలు అయిపోయి ఉంటాయి. ఈ ఏడాదికి మ్యాచ్ మ్యాచ్‌కీ కొనుక్కోవడమే మంచిది. నగరంలో ఉద్యోగం దొరికితే వచ్చే వేసవిలో సీజన్ టికెట్ చూడండి.

పిల్లలున్న కుటుంబాలు గ్రూపులో ఉన్నాయి కాబట్టి ఇది కూడా: 16 లోపు పిల్లల్ని ఉచితంగా రానివ్వడంలో ఈ క్లబ్‌కి పేరుంది. ఈ సీజన్ షరతులు టికెట్ పేజీలో చూసుకుని, పిల్లలకి కూడా టికెట్ ముందే తీసుకోండి. ఉచితమే కదా అని ఖాళీ చేతుల్తో గేటుకి వస్తే మళ్లీ టికెట్ ఆఫీస్‌కి పంపుతారు.

గేటు బయట ఫిఫ్టీ-ఫిఫ్టీ లాటరీ టికెట్లు అమ్ముతారు. సగం గెలిచినవాళ్లకి, సగం క్లబ్ వైపు. దానికి నాణేలు ఉంచుకోండి. స్కార్ఫ్ క్లబ్ షాపులో కొంటేనే క్లబ్‌కి డబ్బు వెళ్తుంది, ఆన్‌లైన్‌లో దొరికే చవక నకళ్ల వల్ల పైసా రాదు.

ఈ క్లబ్ అభిమానుల డబ్బుతో నిలబడ్డదే. 1997-98లో మూతపడే పరిస్థితి వస్తే ‘సేవ్ ద జాగ్స్’ అని చందాలు పోగేశారు. జాగ్స్ అంటే థిసిల్ ముద్దుపేరు. 2011లో యూరోమిలియన్స్ లాటరీ గెలిచిన కోలిన్ వియర్ 2019లో మెజారిటీ వాటా కొన్నది అభిమానుల చేతిలో పెట్టడానికే. ఆ డిసెంబర్‌లోనే ఆయన పోయారు, వాటాలు తర్వాత అభిమానుల ట్రస్ట్‌కి వచ్చాయి. అభిమానుల సంఘమైన ద జాగ్స్ ఫౌండేషన్‌లో నెలనెలా కొంత కట్టి ఎవరైనా సభ్యులు కావొచ్చు.

ఒక హెచ్చరిక. క్లబ్ అనుబంధ ఛారిటీకో, ఇంకెక్కడికో విరాళం ఇచ్చేటప్పుడు ‘గిఫ్ట్ ఎయిడ్’ అని ఒక గడి వస్తుంది, అంటే మీ విరాళం మీద మీరు కట్టిన పన్నుని ఛారిటీ ప్రభుత్వం నుంచి వెనక్కి తీసుకునే పద్ధతి. మీరు ఇక్కడ ఇన్‌కమ్ ట్యాక్స్ కడుతుంటేనే టిక్ పెట్టాలి. పార్ట్‌టైమ్ జీతం ఏడాదికి 12,570 పౌండ్లు దాటకపోతే సాధారణంగా ట్యాక్సే పడదు. అలాంటప్పుడు టిక్ పెడితే ఛారిటీ వెనక్కి తీసుకున్న పన్ను మీ నుంచి వసూలు చేయొచ్చు.

మళ్లీ అడిగింది: మురానో స్ట్రీట్ విద్యార్థి

చాలా థాంక్స్ అండీ. ఇంకో రెండు. మాలో ఒకడు జిల్లా స్థాయిలో ఆడాడు, పిల్లలకి కోచింగ్ ఇవ్వాలని వాడి ఆశ. ఇంకొకరు మ్యాచ్ రోజు స్టివార్డ్ పని చేద్దామంటున్నారు. వీసాకి ఇబ్బందా? వెళ్లలేని రోజు రూమ్‌లో లైవ్ చూడొచ్చా?

జవాబు: మేరీహిల్ నుంచి

కోచింగ్ దగ్గర ఆగండి. స్టూడెంట్ వీసా మీద ప్రొఫెషనల్ క్రీడాకారుడిగా గానీ, కోచ్‌గా గానీ పని చేయకూడదు. జీతం లేకపోతే ఫర్వాలేదని ఊరికే అనుకోకూడదు, ఎక్కడిదాకా అమెచ్యూర్ అన్నదానికి నియమాలు వేరే ఉన్నాయి. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీస్‌కి మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా వచ్చాకే మొదలుపెట్టమనండి. పిల్లలతో బాధ్యత ఉన్న పని అయితే 2025 ఏప్రిల్ 1 నుంచి పీవీజీ (పిల్లలతో పనిచేసేవాళ్ల నేర చరిత్ర తనిఖీ చేసే ప్రభుత్వ పథకం) సభ్యత్వం చట్టప్రకారం తప్పనిసరి, జీతం లేని పనైనా సరే. ఇంటర్నేషనల్ ఆఫీస్ సరేనన్నాక ఆ అప్లికేషన్ క్లబ్ ద్వారానే పెట్టించుకోవాలి.

స్టివార్డ్ మామూలు జీతం పనే, చేయొచ్చు. టర్మ్ టైమ్‌లో వారానికి 20 గంటల పరిమితిలోకి అది కూడా వస్తుంది. వారమంతా వేరేచోట 18 గంటలు చేసి, శనివారం ఐదు గంటల షిఫ్ట్ ఒప్పుకుంటే దాటిపోయినట్టే. రెండు యజమానుల దగ్గర పని చేసినా గంటలు కలిపే లెక్క. పైగా స్టివార్డ్ జనం వైపు తిరిగి నిలబడాలి, ఆట కనపడదు. థిసిల్ మీద ప్రేమతో ఆ పనికి వెళ్లొద్దని వాళ్లకి చెప్పండి.

జవాబు: పెయిస్లీ నుంచి

లైవ్ సంగతి: శనివారం 3 గంటల మ్యాచ్‌లు ఈ దేశంలో ప్రత్యక్షంగా చూపించరు, జనం గ్రౌండ్‌కి రావాలనే పెట్టుకున్న నియమం అది. కొన్ని శుక్రవారం రాత్రి మ్యాచ్‌లు బీబీసీ స్కాట్లాండ్‌లో వస్తాయి. క్లబ్ అమ్మే శనివారం స్ట్రీమ్ విదేశాల్లో ఉన్నవాళ్లకే, అంటే గుంటూరులో మీ నాన్నగారు డబ్బు కట్టి చూడొచ్చు, గ్రౌండ్ పక్కనున్న మీరు చూడలేరు. అక్టోబర్ ఆఖరు నుంచి మార్చి ఆఖరు దాకా ఇక్కడి 3 గంటలంటే అక్కడ రాత్రి 8:30, మిగతా నెలల్లో 7:30.

చలికాలంలో మాత్రం బయల్దేరే ముందు ఉదయం క్లబ్ పేజీ చూడండి. మంచు గడ్డకట్టినా, పిచ్ మీద నీళ్లు నిలిచినా రిఫరీ వచ్చి చూసి వాయిదా వేస్తారు, ఒక్కోసారి మధ్యాహ్నం దాకా తేలదు. వాయిదా పడ్డ మ్యాచ్ చాలాసార్లు వారం మధ్యలో రాత్రి పెడతారు, ఆ రోజు ల్యాబ్ ఉందేమో చూసుకోండి. అదే టికెట్ కొత్త తేదీకి చెల్లుతుందా, రీఫండ్ అడగాలా అన్నది ఆ ప్రకటనలోనే రాస్తారు, గడువు కూడా ఉంటుంది.