టోన్‌కు ఏ మాట: స్వరమా, నాదమా, చేవా?

బరంపురం నుంచి అడుగుతున్నాను. మా మెలొడీ బృందంలో కుర్రవాళ్లు ఒడియాలో మాట్లాడుకున్నా, తెలుగులో మాట్లాడుకున్నా, ఎలక్ట్రిక్ గిటారు దగ్గరకు వచ్చేసరికి ‘టోన్’ అనే అంటారు. పాత గిటారు టోన్ కొత్తదానికి రానే రాదని ఒకరు, అదంతా భ్రమ అని ఇంకొకరు. ఈ టోన్‌ను తెలుగులో ‘స్వరం’ అనవచ్చా?

రాయగడ నుంచి:
స్వరం సరిపోదండీ. అదే షడ్జమాన్ని వీణ మీద మీటినా, వేణువులో ఊదినా స్వరం మారదు. పలికే తీరు మారుతుంది. శ్రుతి అన్నా తప్పే. నాకు ‘నాదం’ నచ్చుతుంది. మాకు దగ్గరలోని బొబ్బిలిలో ఒకే పనస మానును తొలిచి ఏకాండి వీణ చేస్తారు. దాన్ని మీటి చూసి ‘నాదం బాగుంది’ అంటాం, ‘స్వరం బాగుంది’ అనం. పాత గిటారుకైతే ‘చేవదేరిన నాదం’ అందామా?

పర్లాకిమిడి నుంచి:
మాస్టారూ, నాదానికి ఒప్పుకుంటాను. చేవ దగ్గరే నా అభ్యంతరం. అది మానుకు చెందిన మాట. ఈ గిటారుకు వీణకున్నట్టు కుండ లేదు. ఉక్కు తీగ కదిలితే కింద అయస్కాంతాల చుట్టూ ఉన్న రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది, ఆ అయస్కాంతాలూ చుట్టా కలిసినదే పికప్, అది ఇచ్చినదాన్నే యాంప్లిఫయర్ పెంచి వినిపిస్తుంది. అందులో కర్ర వాటా ఎంత అన్నది ఇప్పటికీ తెగని వాదమే.

ఒకసారి పాత పికప్ మూత విప్పి చూశాను. వెంట్రుక కన్నా సన్నని తీగ, వేల చుట్లు. ఒకచోట ఒత్తుగా, ఒకచోట వదులుగా, పొలం గట్టు మీద ఎవరో నడుస్తూ నడుస్తూ చుట్టిన మోకులా ఉంది. 1954లో స్ట్రాటోకాస్టర్ గిటారు తెచ్చిన ఫెండర్ సంస్థలో ఆ రోజుల్లో తీగను చేత్తో నడిపించి చుట్టేవారు. గిబ్సన్ 1957లో లెస్ పాల్ గిటార్లకు అమర్చడం మొదలుపెట్టిన హంబకర్లు అనే జంట చుట్టల పికప్‌లలోనూ చుట్ల లెక్క అన్నిటికీ ఒకటిగా ఉండేది కాదు. అందుకే ఒకే ఏడు పుట్టిన రెండు గిటార్లు రెండు గొంతులతో పలుకుతాయి. నేటి యంత్రం లెక్క తప్పదు. పది కొంటే పదీ ఇంచుమించు ఒకేలా పలుకుతాయి. పెళ్లి పందిట్లో వాయించేవారికి అదే కావాలి, నేనూ కొత్తదే కొంటాను. కానీ ఇంట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు చెయ్యి పాతదాని మీదికే పోతుంది. దాన్ని ‘గొంతు’ అంటేనే నాకు తృప్తి.

బరంపురం నుంచి:
గొంతు అనగానే మా నాన్నగారు అన్న మాట గుర్తొచ్చింది. వాల్వులు అనే గాజు గొట్టాలతో నడిచే యాంప్లిఫయర్‌ను బాగా పెంచితే, వాల్వులు తమ హద్దు చేరి ధ్వని అలల కొనలను నొక్కేస్తాయి, మోత కాస్త గరుకు తేలుతుంది. కుర్రవాళ్లు దాన్ని ‘ఓవర్‌డ్రైవ్’ అంటారు. నాన్నగారు ఆ మోత విని, “గిటారు గొంతు జీరపోయిందిరా, బాగుంది, అలాగే ఉంచు” అన్నారు. ఆయన ఎన్నడూ గిటారు పట్టుకోలేదు.

రాయగడ నుంచి:
జీర! చేవను వెనక్కి తీసుకుంటున్నానండీ. నాదం ఎటూ ఉంది, దాని పక్కన జీరను రాసుకున్నాను. పికప్‌ను పికప్ అనే ఉంచుదాం.