పార్కిన్సన్స్ ప్రొటీన్ సెల్ నుంచి సెల్‌కి పాకుద్దంట, మనుషులకి కూడా అంటుద్దా?

బ్రాడీపేట_అమ్మాయి:
మాది గుంటూరు. నాన్నగారికి పార్కిన్సన్స్ వచ్చి నాలుగేళ్లయింది, చొక్కా గుండీలు పెట్టుకోడానికే పావుగంట పడుద్ది. ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ మడత తప్పి పక్క సెల్‌కి పాకుద్దని, ల్యాబ్‌లో పెంచిన సెల్స్‌లో చూశారని మొన్న చదివి అమ్మతో అన్నా, అప్పట్నుంచి మా బాబుని తాతయ్య కంచంలో ముద్ద తిననివ్వట్లేదు. నాన్నగారు ఏమీ అనరు, కలిపిన ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంటన్నారు. ఇది అంటుకునేదేనా అండీ?

బెజవాడ_బయోకెమ్:
ముందు ఆ ముద్ద తిననివ్వండమ్మా. ఎంగిలి వల్లో, ముట్టుకుంటేనో వచ్చే జబ్బు కాదిది.
నేను పీహెచ్‌డీలో ఈ పనే చేశా. ప్రొటీన్‌ని 37 డిగ్రీల్లో రోజుల తరబడి ఊపుతా ఉంటే పోగులు కట్టుద్ది, వాటిని సోనికేటర్‌తో, అంటే శబ్ద తరంగాలతో విరగ్గొట్టే మెషీన్‌తో, సన్నటి ముక్కలు చేసి ప్లేట్‌లో పెరిగే న్యూరాన్ల (నరాల సెల్స్) మీద పోస్తాం, సెల్ ఆ ముక్కల్ని లోపలికి లాక్కుంటే అక్కడ మామూలుగా తిరిగే ప్రొటీన్ వచ్చి ముక్క చివర అతుక్కుని అదే మడతలోకి మారిపోద్ది. వారం దాటాక రంగేసి (స్టెయిన్) చూస్తే ముందు ఆక్సాన్లలో, అంటే న్యూరాన్ నుంచి సాగే పొడుగాటి తీగల్లో చుక్కలు, తర్వాత సెల్ బాడీలో ముద్ద. సిన్యూక్లిన్ జీన్ తీసేసిన న్యూరాన్లలో మాత్రం ఎంత పోసినా ఏమీ పేరుకోదు. అంటే పాడయ్యేది ఆ సెల్ సొంత ప్రొటీనే.

తెనాలి_మాస్టారు:
పాలల్లో తోడు వేసినట్టా అండీ?

బెజవాడ_బయోకెమ్:
తోడులో బతికున్న బ్యాక్టీరియా ఉంటాయి మాస్టారూ, ఇక్కడ బతికున్నదేమీ లేదు. పటికబెల్లం అనుకోండి. పాకంలో చిన్న పలుకు వేస్తే దాని మీద చక్కెర పేరుకుంటా పోద్ది, ఆ గడ్డ విరిస్తే ప్రతి ముక్కా ఇంకో గడ్డకి మొదలు, సోనికేటర్ పెట్టేది అందుకే. మనిషి మెదడులోనూ ఇలాగే జరుగుద్దేమోనని అనుమానం గట్టిపడింది 2008లో. పార్కిన్సన్స్ వాళ్ల మెదడులో పదేళ్ల పైన కిందట పెట్టిన పిండం న్యూరాన్లలో కూడా లూయీ బాడీలు (ఈ ప్రొటీన్ పేరుకున్న ముద్దలు) కనపడ్డాయని, చుట్టూ ఉన్న పాత సెల్స్ నుంచే పాకి ఉండొచ్చని పేపర్లొచ్చాయి. కానీ అదంతా ఒకే మెదడు లోపల అమ్మా, కంచం దాకా రాదు.

బ్రాడీపేట_అమ్మాయి:
అమ్మకి పటికబెల్లం మాటే చెప్పా. రాత్రి పెరుగన్నం నాన్నగారే పెట్టారండీ. చెయ్యి వణికి మొదటి ముద్ద సగం కంచంలోనే పడిపోయింది, మావాడు నోరు తెరుచుకునే కూర్చున్నాడు, ఇంకోటి కలిపారు.