ఎన్ని మందులు కొట్టినా దోమలు పోవడం లేదు, కాస్త సాయం చేయండి

మందారం:
పొద్దుటి నుంచి ఇల్లంతా వెతికి వెతికి ఓపిక అయిపోయింది. కిటికీలకు మెష్ ఉంది. సాయంత్రం కాగానే తలుపులు మూసేస్తాం. రాత్రంతా లిక్విడ్ మెషిన్ ఆన్‌లోనే ఉంటుంది. మురుగు కాలువలో మందు కొట్టించాం. అయినా కుడుతూనే ఉన్నాయి. గట్టి మందు ఏదైనా ఉంటే పేరు చెప్పండి, ప్లీజ్.

వేపకొమ్మ:
అందరికీ దోమల గోలేనండీ, బొద్దింకల సంగతి ఎవరూ పట్టించుకోరు. అవి డ్రైనేజీలో తిరిగి, అవే కాళ్లతో వంట గట్టు మీదకి ఎక్కుతాయి. విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవులు అలాగే గిన్నెల మీదకి చేరతాయి. వాటి రెట్ట, రాలిన పొట్టు గాలిలో కలిసి పిల్లలకు ఆస్తమా పెరుగుతుంది. రాత్రి సింకులో ఎంగిలి గిన్నెలు ఉంచకండి. చెత్తబుట్టకి మూత పెట్టండి. సింకు కింద పైపు కారుతుంటే ముందు అది బాగు చేయించండి, తిండి లేకున్నా కొంతకాలం బతుకుతాయి గానీ నీళ్లు లేకపోతే బతకవు.

గడియారం:
అడిగింది దోమల గురించి. కుట్టేది పగలా, రాత్రా? దోమ ఏ రంగు?

మందారం:
ఏ దోమైనా దోమే కదండీ! పొద్దున్న ఎక్కువ, మళ్లీ సాయంత్రం చీకటి పడకముందు. మడమల దగ్గర కుడుతున్నాయి. నల్లగా, కాళ్ల మీద తెల్ల చారలతో ఉన్నాయి.

గడియారం:
ఏడిస్ రకం దోమ. మురుగు కాలువ వదిలేసి ఇంట్లో వెతకండి.

నీటిచుక్క:
గడియారం గారు సరిగ్గా చెప్పారు, కొంచెం వివరంగా చెప్తాను. మురుగులో ఎక్కువగా పెరిగేది క్యూలెక్స్, అది రాత్రి కుడుతుంది. ఏడిస్‌కి కావాల్సింది నిలవ ఉన్న కాస్త శుభ్రమైన నీళ్లు, సీసా మూతలో ఉన్నన్ని చాలు. మీరు తలుపులు మూసే వేళకి దాని పని చాలావరకు అయిపోతుంది. పైగా అది ఇంట్లోనే పుడుతుంటే మెష్ ఏం ఆపుతుంది? ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్ ట్యాంకు, మనీ ప్లాంట్ సీసా, కుండీ కింద పళ్లెం, ఏసీ నీళ్లు పడే బకెట్ చూడండి. వాడని బాత్రూమ్ ఉంటే ఫ్లష్ ట్యాంకు మూత తీసి మరీ చూడండి.

దొరికాక నీళ్లు పారబోసి ఊరుకోవద్దు. గుడ్లు నీటి మట్టానికి కాస్త పైన గోడకి అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. బ్రష్‌తో గట్టిగా రుద్ది కడగాలి. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి చేస్తే చాలు.

తెల్లకాగితం:
అంటే డెంగీ దోమలన్నమాట. జాగ్రత్త అండీ.

ల్యాబ్‌మనిషి:
‘డెంగీ దోమ’ అనకండి, జనం అనవసరంగా టెన్షన్ పడతారు. జబ్బు ఉన్న మనిషిని కుట్టాకే దోమలోకి వైరస్ చేరుతుంది. అది దోమ ఒంట్లో పెరిగి లాలాజలంలోకి రావడానికి సుమారు 8 నుంచి 12 రోజులు. ఆ తర్వాతే ఇంకొకరికి అంటించగలదు.

తెల్లకాగితం:
తల్లి దోమ నుంచి గుడ్లకి కూడా వైరస్ పోతుందని చదివాను. అలాంటప్పుడు ఆ పేరుతో పిలిస్తే తప్పేంటి?

ల్యాబ్‌మనిషి:
పోతుంది, కానీ తక్కువ. ప్రధానంగా మనిషి నుంచి దోమకి, దోమ నుంచి మనిషికి. అదే దోమ చికున్‌గున్యా, జికా కూడా మోస్తుంది. ఒక్క జబ్బు పేరు తగిలిస్తే మిగతావి మర్చిపోతారు.

వేపకొమ్మ:
కాయిల్ పొగ గురించి కూడా ఎవరైనా చెప్పండి. మూసిన గదిలో ఆ పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు.

మందారం:
ఫ్రిజ్ ట్రే పొడిగా ఉంది. కూలర్ లేదు. మిగతావి చూస్తున్నా. బాబుకి నిన్నటి నుంచి జ్వరం, వాడిని వదిలి లేవడం కష్టంగా ఉంది.

ల్యాబ్‌మనిషి:
మందారం గారూ, ఇది ముందే చెప్పాల్సిందండీ! దోమల పని ఆపి, బాబుని ఈరోజే డాక్టరుకి చూపించండి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వకండి, డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే, అదీ డాక్టరు చెప్పిన డోసులో. డెంగీ అవునో కాదో తేలడానికి తొలి 5 రోజుల్లో ఎన్ఎస్1 (వైరస్ ప్రొటీన్‌ని పట్టే రక్తపరీక్ష) పనికొస్తుంది, ఆ తర్వాతైతే ఐజీఎం (వైరస్ మీద ఒంట్లో పుట్టే యాంటీబాడీల పరీక్ష). నీళ్లు, ద్రవాలు బాగా పట్టించండి. జ్వరం తగ్గింది కదా అని ఊరుకోవద్దు, డెంగీలో ప్రమాదం మొదలయ్యేది చాలాసార్లు అప్పుడే. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మరీ నీరసం, వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లిపోండి.

నీటిచుక్క:
పగలు కూడా బాబుని దోమతెరలోనే పడుకోబెట్టండి. ఒకవేళ డెంగీ అయితే, ఇంట్లో దోమలు వాడిని కుట్టి ఆ వైరస్ మీకందరికీ తెస్తాయి.

తెల్లకాగితం:
అందుకే నేను డెంగీ దోమ అన్నాను.

గడియారం:
జ్వరం ఏమిటో ఇంకా తేలలేదు. పరీక్ష కానివ్వండి.

మందారం:
పై గదిలో వాడని బాత్రూమ్ ఫ్లష్ ట్యాంకు నిండా పురుగులే. మావారు కడుగుతున్నారు. మేం డాక్టరు దగ్గరికి బయల్దేరుతున్నాం. థాంక్సండీ.

కొత్తసభ్యుడు:
మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ గుంతలో నీళ్లు నిలుస్తున్నాయి, అక్కడ ఏం వేయాలి?

వేపకొమ్మ:
ఆ గుంతలో బొద్దింకలు కూడా ఉంటాయి, చూశారా?